‘అహమిత్యేవ విభావయే’: లలితా ధ్యానంలో ‘నేను’ ఎవరి చేతికి వెళ్తుంది?

లలితా సహస్రనామ పారాయణ జరిగే చోట ఒక సంగతి గమనించండి. ‘శ్రీమాతా శ్రీమహారాజ్ఞీ’ దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతులూ కలుస్తాయి, శ్రుతి కుదురుతుంది. దానికి ముందు చెయ్యాల్సిన న్యాసమూ (ఋషిని, ఛందస్సును, దేవతను తలుచుకుంటూ ఒంటిని తాకడం) చదవాల్సిన ధ్యాన శ్లోకాలూ మాత్రం గబగబా ఒక్క నిమిషంలో అయిపోతాయి. వెయ్యి నామాలు మిగిలి ఉన్నాయి కదా అన్న తొందర. కానీ అహంకారం గురించి ఈ ఉపాసన చెప్పే అసలు మాట ఆ ఒక్క నిమిషంలోనే దాటిపోతోంది.

అరుణాం కరుణాతరంగితాక్షీం
ధృతపాశాంకుశపుష్పబాణచాపామ్ |
అణిమాదిభిరావృతాం మయూఖైః
అహమిత్యేవ విభావయే భవానీమ్ ||

ఎర్రని కాంతితో మెరిసే తల్లి, కరుణ అలలు అలలుగా కదిలే కళ్లు, చేతుల్లో పాశం, అంకుశం, పూలబాణాలు, విల్లు, చుట్టూ అణిమాది సిద్ధులే కిరణాలు. అటువంటి భవానిని ‘నేను’ అనే భావిస్తున్నాను అంటుంది శ్లోకం. ‘ఆవిడకు నమస్కరిస్తున్నాను’ అనదు, ‘ఆవిడను వేడుకుంటున్నాను’ అనదు. ‘అహం ఇతి ఏవ’, నేను అనే.

చిక్కంతా ఇక్కడే. అహంకారం పోగొట్టుకోవడానికి ధ్యానం చెయ్యమంటారు. తీరా ధ్యానం చివరి మెట్టు మీద ‘ఆవిడే నేను’ అనుకోమంటారు. అహంకారానికి ఇంతకంటే పెద్ద విందు ఏముంటుంది? ఈ ముడి విప్పాలంటే ముందు ఒక మాట సరిచేసుకోవాలి.

పొగరు వేరు, అహంకారం వేరు

వాడుకలో అహంకారం అంటే పొగరు, గర్వం, తలబిరుసు. ‘వాడికి ఎంత అహంకారం’ అంటాం. శాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు. సాంఖ్య దర్శనం ప్రకారం అహంకారం మనిషి లోపలి పనిముట్లలో ఒకటి. దాని పని అభిమానం, అంటే ఎదురైన ప్రతిదాని మీదా ‘నేను’, ‘నాది’ అని ముద్ర కొట్టడం. కన్ను చూస్తుంది, ‘నేను చూశాను’ అనేది అహంకారం. కడుపులో ఆకలి పుడుతుంది. ‘నాకు ఆకలి’ అనేది అహంకారం. పొగరుబోతుకు ఎంత ఉంటుందో, పది మందిలో నోరు విప్పలేని బిడియస్తుడికీ అంతే ఉంటుంది. ‘నేను పనికిరానివాణ్ణి’ అని కుమిలిపోయేవాడి అహంకారం మరీ గట్టిది. ఎందుకంటే వాడి ఆలోచన రోజంతా ‘నేను’ చుట్టూనే తిరుగుతుంది.

సహస్రనామం ఈ తేడాను చాలా జాగ్రత్తగా పాటించింది. ‘నిరాగా రాగమథనీ’ నుంచి ‘నిర్భవా భవనాశినీ’ వరకు నామాలు జంటలుగా నడుస్తాయి. మొదటి నామం ఆవిడకు ఆ దోషం లేదంటుంది, రెండోది భక్తుడిలోని ఆ దోషాన్ని ఆవిడ నశింపజేస్తుందంటుంది. నిర్మదా మదనాశినీ, నిర్మోహా మోహనాశినీ, నిర్మమా మమతాహంత్రీ, నిష్క్రోధా క్రోధశమనీ, నిర్లోభా లోభనాశినీ. ఇలా తొమ్మిది జంటలు. మధ్యలో రెండు నామాలు మాత్రం ఒంటరివి: నిశ్చింతా, నిరహంకారా. ‘నిరహంకారా’ అని ఉంది. పక్కన ‘అహంకారనాశినీ’ లేదు. మదానికి, అంటే మనం వాడుకలో అహంకారం అని పిలిచే ఆ పొగరుకు, నాశిని ఉంది. అహంకారానికి లేదు.

ఛందస్సు కోసం అలా కుదిరిందని ఎవరైనా అనవచ్చు. కావచ్చు కూడా. కానీ ధ్యాన శ్లోకాన్నీ ఆయుధాల వరుసనూ పక్కన పెట్టి చూస్తే ఇది యాదృచ్ఛికంగా అనిపించదు. ఈ సంప్రదాయం అహంకారాన్ని చంపమనడం లేదు. చేతులు మార్చమంటోంది.

ఆయుధాలు ఎక్కడి నుంచి వచ్చాయి

లలితాదేవికి నాలుగు చేతులు. పై ఎడమ చేతిలో పాశం, పై కుడి చేతిలో అంకుశం, కింది ఎడమ చేతిలో చెరకు విల్లు, కింది కుడి చేతిలో అయిదు పూలబాణాలు. వీటి అర్థాన్ని ఎక్కడో వ్యాఖ్యానంలో వెతకక్కర్లేదు, నామాలే చెబుతున్నాయి. ఎనిమిదో నామం ‘రాగస్వరూపపాశాఢ్యా’: పాశం అంటే రాగం, మన ఇష్టం, వ్యామోహం. తొమ్మిదోది ‘క్రోధాకారాంకుశోజ్జ్వలా’: అంకుశం క్రోధం. పదోది ‘మనోరూపేక్షుకోదండా’: చెరకు విల్లు మనస్సు. పదకొండోది ‘పంచతన్మాత్రసాయకా’: అయిదు బాణాలు శబ్ద, స్పర్శ, రూప, రస, గంధాలు. ఈ ఉపాసనను లోపలి భావనగా వివరించే భావనోపనిషత్తు కూడా ఇదే చెబుతుంది. క్రోధం అన్నచోట ద్వేషం అంటుంది, అంతే తేడా.

ఇప్పుడు ఈ జాబితాను ఇంకోసారి చూడండి. ఇష్టం, కోపం, మనస్సు, అయిదు ఇంద్రియ విషయాలు. అహంకారం ‘నేను’ అని ముద్ర కొట్టే సరుకంతా ఇదే. ‘నాకు ఇది కావాలి’ రాగం. ‘నాకు ఇది పడదు’ ద్వేషం. ‘నేను అనుకున్నాను’ మనస్సు. ‘నేను విన్నాను, తిన్నాను, చూశాను’ తన్మాత్రలు. మనం నావి అనుకుంటున్నవన్నీ ఆవిడ చేతిలో ఆయుధాలుగా కనిపిస్తున్నాయి. వాటిని విరిచి పారేసిన దేవత కాదు ఆవిడ, పట్టుకొని కూర్చున్న దేవత.

చేయి మారితే ఏం మారుతుందో అంకుశాన్ని బట్టి తెలుస్తుంది. మావటి చేతిలో అంకుశం ఏనుగును దారిలో పెడుతుంది. అదే అంకుశం ఏనుగు తొండానికే చిక్కితే ఎవరికి గుచ్చుకుంటుందో చెప్పలేం. కోపం మన చేతిలో ఉన్నప్పుడు జరిగేది అదే.

భండాసురుడి కథ కూడా ఇదే వైపు చూపిస్తుంది. శివుడి మూడో కంటి మంటకు కాలిపోయిన మన్మథుడి బూడిదలో నుంచి పుట్టినవాడు భండుడు. కోరికను కాల్చేస్తే మిగిలిన బూడిద నుంచి అంతకంటే భయంకరమైన అసురుడు లేచాడన్నమాట. కోరికల్ని బలవంతంగా అణచినవాళ్లలో ‘నేను జయించాను’ అనే బిగువు ఎలా తయారవుతుందో చూసినవారికి ఈ కథను విడమరిచి చెప్పక్కర్లేదు. వాడి పట్టణం పేరు శూన్యకం. లలితాదేవి కామేశ్వరాస్త్రంతో వాణ్ణీ ఆ శూన్యకాన్నీ కలిపి కాల్చేసింది. ఆ తరువాత ఏం చేసింది? మన్మథుణ్ణి బతికించింది. ‘హరనేత్రాగ్నిసందగ్ధకామసంజీవనౌషధిః’ అన్న నామం అదే. బూడిద పోయింది, కోరిక తిరిగి వచ్చింది. ఈసారి దాని యజమాని వేరు.

ఒక ఘడియ ధ్యానం, మెట్టు మెట్టుగా

ఘడియ అంటే 24 నిమిషాలు. రోజూ చేసుకునేవాళ్లకు ఇది సరిపోయే కొలత. కింద ఇచ్చిన నిమిషాల లెక్క శాస్త్రం విధించినది కాదు, ఆచరణలో కుదురుగా ఉండే పంపకం. ఇక్కడ వాడేది ధ్యాన శ్లోకమూ నామాలూ మాత్రమే. పంచదశి (దేవి పదిహేను అక్షరాల మంత్రం) వంటి మంత్రాలు గురువు దగ్గర ఉపదేశం పొందినవారికి. పుస్తకంలో చూసి మొదలుపెట్టేవి కావు.

పొద్దున్నే స్నానం చేసి, నేల తగలకుండా చాప మీదో కంబళి మీదో, తూర్పుకో ఉత్తరానికో తిరిగి కూర్చోండి. మోకాళ్లు సహకరించకపోతే కుర్చీ చాలు, వీపు నిటారుగా ఉంటే అదే ఆసనం. దీపం కంటికి ఎదురుగా మరీ దగ్గర పెట్టుకోకండి. కళ్లు మూసుకున్నాక దాని మచ్చ రెప్పల వెనక తేలుతూ రూపాన్ని నిలవనివ్వదు.

మొదటి రెండు నిమిషాలు న్యాసానికి. సహస్రనామానికి ఋషులు వశిన్యాది వాగ్దేవతలు, ఎనిమిది మంది. ఋషిని తలుచుకుంటూ శిరస్సును, ఛందస్సును తలుచుకుంటూ నోటిని, దేవతను తలుచుకుంటూ హృదయాన్ని తాకుతాం. చాలామంది దీన్ని లాంఛనంగా ముగిస్తారు. ఆగి చూస్తే అహంకారానికి తగిలే మొదటి దెబ్బ ఇదే. నేను పలకబోయే మాట నాది కాదు, దాన్ని చూసినవారు వేరే ఉన్నారు, వారిని నా తల మీద పెట్టుకున్నాను అని చేతితో చెప్పడం అది. అందుకే న్యాసంలో చెయ్యి నిజంగా తగలాలి, గాలిలో తిప్పి వదిలెయ్యకూడదు.

తరువాతి అయిదు నిమిషాలు రంగుకు. శ్లోకంలో మొదటి మాట ‘అరుణాం’. ముఖం, నగలు, చీర ఏవీ ఇంకా రాలేదు, ముందు రంగు వచ్చింది. సూర్యుడు పైకి రాకముందు తూర్పున పరుచుకునే ఎరుపు అది. నెత్తుటి ఎరుపు కాదు. రూపాన్ని తొందరపడి తెచ్చుకోవద్దు. గది నిండా, తరువాత శరీరం నిండా ఆ ఎరుపు నిండినట్టు భావించండి. ‘నిజారుణప్రభాపూరమజ్జద్బ్రహ్మాండమండలా’ అన్న పన్నెండో నామం ఇక్కడ సాయపడుతుంది: ఆవిడ ఎర్రని కాంతి ప్రవాహంలో బ్రహ్మాండాలన్నీ మునిగి ఉన్నాయట. మునిగినదానికి గట్టు కనిపించదు. చర్మం దగ్గర ‘నేను ఇక్కడితో ఆగిపోతాను’ అనే గీత ఒకటి మనకు ఎప్పుడూ ఉంటుంది. రంగు నిలబడితే మొదట కరిగేది ఆ గీతే.

ఆపైన నాలుగు నిమిషాలు కళ్లకు. ‘కరుణాతరంగితాక్షీం’. మొత్తం ధ్యానంలో మలుపు తిరిగేది ఇక్కడ. అప్పటిదాకా మీరు చూస్తున్నారు, ఆవిడ కనిపిస్తోంది. కళ్లు వచ్చాక ఆవిడ చూస్తోంది, మీరు కనిపిస్తున్నారు. చూసేవాడిగా ఉండటం అహంకారానికి అలవాటైన సింహాసనం. అక్కడి నుంచి దిగడం చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది. ఎదురుగా ఎవరో కూర్చుని మనల్ని చూస్తుంటే చీర కొంగో చొక్కా గుండీయో సర్దుకుంటామే, అటువంటి కదలిక లోపల మొదలవుతుంది. సర్దుకోకుండా ఉండటమే ఆ నాలుగు నిమిషాల పని. చూపులో విచారణ లేదని, అలలుగా కదిలేది కరుణేనని గుర్తుచేసుకోండి. కన్నీళ్లు వస్తే రానివ్వండి, తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తకండి.

ఆయుధాలకు ఆరు నిమిషాలు. ఇక్కడ సాధారణంగా మాట్లాడుకుంటే ఏమీ జరగదు, రోజుకొక్క నిర్దిష్టమైన విషయం కావాలి. పాశం దగ్గర ఈ రోజు మిమ్మల్ని లాగుతున్నదాన్ని ఒక్కదాన్ని తెచ్చుకోండి: పిల్లవాడు దూరదేశం నుంచి ఫోన్ చెయ్యలేదన్న బెంగ, కొనాలనుకుంటున్న ఇంటి స్థలం, పెట్టిన ఫొటోకు ఎన్ని లైకులు వచ్చాయో అన్న ఆరాటం, ఏదైనా సరే. దాని కథలోకి వెళ్లకండి. ‘ఇది పాశం, ఆవిడ చేతిలోది’ అని ఒక్కసారి అనుకొని పై ఎడమ చేతిలో ఉంచండి. అంకుశం దగ్గర అలాగే ఒక కోపం: నిన్న తోడికోడలు అన్న మాట, ఆఫీసులో పక్కవాడికి వచ్చిన ప్రమోషన్. ‘నాకు కోపం లేదు’ అనడం అబద్ధం అవుతుంది. కోపం ఉంది, అది ఆవిడ అంకుశం. చెరకు విల్లు దగ్గర, ఇదంతా ఆలోచిస్తున్న మనస్సునే ఉంచండి.

పూలబాణాల దగ్గర కొంచెం నిదానించాలి. వంటింట్లో కుక్కర్ కూత వేస్తుంది: శబ్దం, ఒక బాణం. చీలమండ కింద కంబళి గుచ్చుకుంటుంది: స్పర్శ. మూసిన రెప్పల వెనక దీపం వెలుగు మసకగా కదులుతుంది: రూపం. నాలుక మీద తీర్థంలోని తులసి రుచి ఇంకా ఉంది: రసం. అగరువత్తి పొగ మారిన గాలికి ఒక్కసారి ముక్కుకు తగులుతుంది: గంధం. ఇవన్నీ ధ్యానానికి అడ్డు అనుకుంటే ఇరవై నాలుగు నిమిషాలూ యుద్ధమే. ఇవి ఆవిడ వేసిన పూలు అనుకుంటే, వచ్చిన ప్రతి చప్పుడూ ధ్యానంలో భాగమవుతుంది.

కిరణాలకు ఒక్క నిమిషం చాలు, కావాలనే తక్కువ పెట్టాలి. అణిమాది సిద్ధులు ఆవిడ యంత్రమైన శ్రీచక్రంలో అన్నిటికంటే బయట ఉన్న భూపురంలో ఉంటాయి. అంటే వీధి గుమ్మం దగ్గర. ధ్యానం కుదిరినకొద్దీ ‘ఎదుటివాళ్ల మనసు తెలుస్తోంది’, ‘నేను అనుకున్నది జరుగుతోంది’ వంటి అనుభవాలు ఎదురు కావచ్చు. అవి ఆవిడ చుట్టూ ఉన్న వెలుగు, అంతే. గుమ్మం అందంగా ఉందని అక్కడే కూర్చుంటే ఇల్లు చూడటం అవదు.

మూడు నిమిషాలు ‘అహమిత్యేవ’కు. దాని సంగతి విడిగా చెప్పుకోవాలి.

మిగిలిన మూడు నిమిషాలు పంచపూజకు. ‘లం’ అంటూ పృథివి రూపంగా గంధం, ‘హం’ అంటూ ఆకాశ రూపంగా పుష్పం, ‘యం’ అంటూ వాయు రూపంగా ధూపం, ‘రం’ అంటూ అగ్ని రూపంగా దీపం, ‘వం’ అంటూ అమృత రూపంగా నైవేద్యం మానసికంగా సమర్పిస్తాం. పళ్లెంలో ఉన్న గంధమూ పువ్వులూ కావు ఇక్కడ ఇచ్చేవి. శరీరం ఏ అయిదు భూతాలతో తయారైందో వాటినే ఒక్కొక్కటిగా ఇచ్చేస్తున్నాం. ఎముకల గట్టితనం పృథివి, అది ఇచ్చేశాం. ఒంట్లో వేడి అగ్ని, అది ఇచ్చేశాం. ఊపిరి వాయువు. అయిదూ ఇచ్చాక ‘ఇచ్చినవాడు’ ఎక్కడ నిలబడి ఉన్నాడో చూసుకోండి. చివర ‘సం సర్వాత్మికాయై’ అంటూ చేతులు జోడించేది ఆ మిగిలినదాని కోసమే.

ఆ ‘నేను’ ఏ నేను?

సౌందర్యలహరి 22వ శ్లోకంలో ఒక చమత్కారం ఉంది. భక్తుడు ‘భవాని, త్వం దాసే మయి వితర దృష్టిం’ అనబోయాడు. ‘అమ్మా భవానీ, నీవు ఈ దాసుడి మీద చూపు ప్రసరించు’ అని చెప్పాలని. ‘భవాని త్వం’ అని రెండు మాటలు నోట్లోంచి వచ్చాయో లేదో, దేవి తన సాయుజ్యాన్నే, అంటే తనతో ఐక్యాన్నే, ఇచ్చేసిందట. ఎందుకంటే సంస్కృతంలో ‘భవాని’ అంటే సంబోధనే కాదు, ‘నేను అవుదును గాక’ అనే క్రియాపదం కూడా. ‘భవాని త్వం’ అంటే ‘నేను నీవు అవుదును గాక’. వాడు దాసుడిగా అడగడం మొదలుపెట్టాడు. ఆవిడ వాక్యం పూర్తి కానివ్వలేదు.

ఈ శ్లోకాన్ని ‘అహమిత్యేవ’ పక్కన పెట్టి చదివితే ఒకటి తెలుస్తుంది. ‘నేను నీవు కావాలి’ అనడం, ‘నీవు నేను’ అనడం ఒకే వైపు నడిచే మాటలు కావు. వ్యాకరణంలో చిన్న తేడా, సాధనలో నేలకూ ఆకాశానికీ ఉన్నంత తేడా. మొదటిదాంట్లో ‘నేను’ నదిలో ఉప్పురాయిలా దిగుతుంది. రెండోదాంట్లో నదిని చెంబులో ముంచి ‘నది నాది’ అంటాం.

దేవీమాహాత్మ్యంలో ఈ రెండు ‘నేను’లూ ఎదురెదురుగా నిలబడతాయి. అయిదో అధ్యాయంలో శుంభుడనే అసురుడు దేవి దగ్గరికి దూతను పంపి ఇలా చెప్పిస్తాడు: మూడు లోకాల్లోని రత్నాలన్నీ నా దగ్గరే ఉన్నాయి, నువ్వు స్త్రీరత్నానివి, కాబట్టి నువ్వూ నా దగ్గరికే రావాలి. ఇది పోగేసుకునే ‘నేను’. పదో అధ్యాయంలో అదే శుంభుడు, ఇతరుల బలం మీద ఆధారపడి పోరాడుతూ గర్వపడుతున్నావని దేవిని దెప్పుతాడు. అప్పుడు ఆవిడ అంటుంది: ‘ఏకైవాహం జగత్యత్ర ద్వితీయా కా మమాపరా’. ఈ జగత్తులో ఉన్నది నేనొక్కదాన్నే, నాకంటే వేరుగా రెండోది ఎవరు? అనగానే బ్రహ్మాణి మొదలైన శక్తులన్నీ ఆవిడలో లీనమవుతాయి. శుంభుడి ‘నేను’కు బయట చాలా ఉంది, దాన్ని లాక్కోవాలి. ఆవిడ ‘నేను’కు బయట ఏమీ లేదు, కాబట్టి లాక్కోవడానికీ పోల్చుకోవడానికీ ఎవరూ లేరు. శాక్త, శైవ గ్రంథాలు దీన్నే పూర్ణాహంత అంటాయి. సౌందర్యలహరి 7వ శ్లోకం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. విల్లు, బాణాలు, పాశం, అంకుశం పట్టుకున్న ఇదే రూపాన్ని వర్ణించి, చివర ఆవిడను ‘పురమథితురాహోపురుషికా’ అంటుంది. శివుడి ‘నేను’ అన్న భావమే ఆవిడ అని.

కాబట్టి ఆ మూడు నిమిషాల్లో ‘నా పేరు ఫలానా, నేను దేవిని’ అనుకోకూడదు. లోపల ‘నేను’ అని ఏదో నిరంతరం తోస్తూ ఉంటుంది కదా, పేరూ ఊరూ చేరకముందు ఉన్న ఆ ఒట్టి తోపును పట్టుకోండి. పాశం, అంకుశం, మనస్సు, విషయాలు ఇప్పటికే ఆవిడ చేతుల్లోకి వెళ్లిపోయాయి. ఇక ఆ ‘నేను’ ముద్ర కొట్టడానికి మీ దగ్గర ఏ సరుకూ లేదు. ఆ ఖాళీ ముద్రను కూడా ‘ఇది ఆవిడదే’ అని వదిలిపెట్టడమే అహమిత్యేవ. అందుకే శ్లోకంలో ఆ మాట చివరి పాదంలో ఉంది. చేతులు ఖాళీ అవకముందే ఆ మెట్టు ఎక్కితే శుంభుడి వాక్యం తయారవుతుంది.

భావనోపనిషత్తులో హోమానికి ఇచ్చిన నిర్వచనం ఇదే. నేను, నీవు, ఉంది, లేదు, చెయ్యాలి, చెయ్యకూడదు, ఉపాసించాలి అనే వికల్పాలన్నిటినీ ఆత్మలో కరిగించడమే హోమం. ‘ఉపాసించాలి’ అనేదాన్ని కూడా ఆ మంటలో వేసెయ్యమంది.

ఎక్కడ తప్పుతుంది

అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది రూపం నిలవకపోవడం. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: క్యాలెండర్ బొమ్మను యథాతథంగా గుర్తుచేసుకోబోతారు. కిరీటం వస్తే ముఖం పోతుంది, ముఖం వస్తే చేతులు పోతాయి, నొసలు బిగుసుకొని తలనొప్పి మొదలవుతుంది. బొమ్మ గీయడం ధ్యానం కాదు. రంగు, చూపు ఉంటే చాలు, రూపం దాని వేళకు అది వస్తుంది.

రెండోది లెక్క. ఎన్ని పారాయణలు, ఎన్ని లక్షల కుంకుమార్చనలు, ఎన్ని ఏళ్లుగా నవరాత్రులు. లెక్క నియమం కోసం పుట్టింది. అది నలుగురిలో చెప్పుకునే మాటగా మారిన రోజు రాగపాశం మళ్లీ మన మెడలోకి వచ్చిందని అర్థం.

మూడోది పట్టుకోవడం కష్టమైనది. పద్దెనిమిదో నిమిషంలో కాలింగ్ బెల్ మోగుతుంది. పాలవాడో కొరియరో. లోపల చటుక్కున మంట లేస్తుంది: ‘నా ధ్యానం పాడుచేశాడు’. ఆ వాక్యాన్ని ఒక్కసారి చూడండి. అన్నీ ఇచ్చేశాననుకున్నాం, ‘నా ధ్యానం’ మిగిలిపోయింది. ఆ క్షణం ధ్యానం చెడిపోయిన క్షణం కాదు, ఆ రోజు మొత్తానికి అత్యంత విలువైన క్షణం. శబ్దం ఆవిడ బాణం, లేచిన కోపం ఆవిడ అంకుశం. లేచి వెళ్లి తలుపు తీసి, మామూలు గొంతుతో మాట్లాడి, వచ్చి కూర్చోవచ్చు.

నాలుగోది వినయం. ‘నాకు అహంకారం బాగా తగ్గింది’ అనే తృప్తి అహంకారానికి కొత్త బట్టలు. దీనికి విరుగుడుగా దక్షిణేశ్వర కాళీ ఉపాసకుడు రామకృష్ణ పరమహంస చెప్పిన పద్ధతి చాలా ఆచరణయోగ్యం. ఆయన పచ్చి ‘నేను’, పండిన ‘నేను’ అని రెండుగా చెప్పేవారు. ‘నేను’ పూర్తిగా పోకపోతే పోనీ, అమ్మ బిడ్డగానో దాసుడిగానో పడి ఉండనివ్వమనేవారు. పోలేదని బాధపడటం కూడా పచ్చి ‘నేను’ పనే.

కాళీ ధ్యానం దారి వేరు. దక్షిణకాళికకు పై ఎడమ చేతిలో ఖడ్గం, కింది ఎడమ చేతిలో అప్పుడే తెగిన తల, కుడి చేతుల్లో అభయ వరద ముద్రలు. ఆ తల సాధకుడి అహంకారం అని ఉపాసకుల భావన. అక్కడ అప్పగింత ఉండదు, ఒక్క వేటు. అది గురువు పక్కన ఉండి చేయించాల్సిన ధ్యానం. లలితా ధ్యానంలాగా ఇంట్లో ఒంటరిగా మొదలుపెట్టదగినది కాదు. బోనాలప్పుడు సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో జరిగే రంగం కూడా దీనికి భిన్నం. పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే జోగిని నోట అమ్మవారు పలుకుతుంది. అక్కడ అమ్మవారు వచ్చి మనిషిని పక్కకు తప్పిస్తుంది. లలితా ధ్యానంలో మనిషి పూర్తి తెలివితో తానే తప్పుకుంటాడు. పూనకం రావడం లేదని ధ్యానం కుదరలేదనుకునేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

మనసు బాగా చెదిరి ఉన్నప్పుడు, భ్రమలు కలిగే జబ్బుకు మందులు వాడుతున్నప్పుడు ‘అహమిత్యేవ’ మెట్టు ఎక్కకూడదు. మందులు ఆపకూడదు. అటువంటివారికి నామపారాయణ, దీపం, పూలు చాలు. ఆవిడ ‘శ్రీమాతా’ అనే మొదటి నామంతోనే మొదలవుతుంది కదా.

ఇంకొక అపార్థం గట్టిగా ఖండించాల్సింది. ‘అహం తగ్గించుకో’ అనే మాట మన ఇళ్లలో ఎక్కువగా ఎవరికి చెబుతారో అందరికీ తెలుసు. దెబ్బలు తిని, మాటలు పడి, నోరు మూసుకొని ఉండటాన్ని అహంకార నాశనం అని ఏ తంత్రమూ చెప్పలేదు. శుంభుడి దూతకు దేవి ఇచ్చిన సమాధానం చదవండి: యుద్ధంలో నన్ను గెలిచి, నా దర్పం అణచినవాడే నాకు భర్త అవుతాడు. అలా అన్న దేవిని ధ్యానిస్తూ అన్యాయానికి తల వంచమని చెప్పడం ఆ ధ్యానానికే విరుద్ధం. అంకుశం ఆవిడ చేతికి ఇచ్చామంటే అంకుశం లేకుండా పోయిందని కాదు.

ఎన్నాళ్లు చెయ్యాలి? భావనోపనిషత్తు ఉదారంగా మాట్లాడుతుంది: మూడు ముహూర్తాలు, లేదా రెండు, కాదంటే ఒక్క ముహూర్తం ఈ భావనలో నిలిచినా జీవన్ముక్తుడే అంటుంది. ముహూర్తం అంటే 48 నిమిషాలు. చెదరకుండా నిలవడం అన్న షరతు అందులో ఉంది. దేవీమాహాత్మ్యం చివర సురథుడనే రాజు, సమాధి అనే వైశ్యుడు నది ఒడ్డున మట్టితో అమ్మవారి మూర్తిని చేసుకొని మూడేళ్లు ఆరాధించారు. రాజు పోయిన రాజ్యం అడిగాడు. ఇంట్లోవాళ్లే వెళ్లగొట్టిన వైశ్యుడు ‘మమ’, ‘అహం’ అనే అంటును తెంచే జ్ఞానం అడిగాడు. శ్లోకంలో వరుస ‘మమేత్యహమితి’: ముందు ‘నాది’, తరువాత ‘నేను’.

ఇంట్లో మొదలుపెట్టేవారికి కూడా ఆ వరుసే మంచిది. మొదటి మండలం, 40 రోజులు, రంగు, చూపు, ఆయుధాలు, పంచపూజ మాత్రమే చెయ్యండి. ‘అహమిత్యేవ’కు కేటాయించిన మూడు నిమిషాలను పాశానికీ అంకుశానికీ కలపండి. ఈ రోజు అప్పగించిన కోపం రేపు మళ్లీ మీ చేతిలోనే కనిపిస్తుంది; కనిపించిన ప్రతిసారీ మళ్లీ అక్కడే పెట్టండి. మండలం పూర్తయ్యాక నాలుగో పాదానికి వెళ్లవచ్చు. అప్పటిదాకా దాన్ని నోటితో చదివితే చాలు.